లైకులు వస్తున్నాయి, సీట్లు నిండటం లేదు: నాటకానికి సోషల్ మీడియా ప్రచారం ఎలా చేయాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. కొత్త నాటకం, రెండు వారాంతాల్లో నాలుగు ప్రదర్శనలు, 120 సీట్ల హాలు. చేతిలో ఆరు వారాలున్నాయి, ప్రచారానికి చెప్పుకోదగ్గ డబ్బు లేదు. పోయినసారి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టర్ పెడితే లైకులు బాగానే వచ్చాయి, హాలు మాత్రం సగం కూడా నిండలేదు. ఈసారి రోజుకు ఎన్ని పోస్టులు పెట్టాలి, ఏ యాప్ మీద దృష్టి పెట్టాలి అని అడిగారు. చాలా ఏళ్లుగా నాటకాల ప్రచారం చూసుకుంటున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 120 సీట్లు, 4 ప్రదర్శనలు, మొత్తం 480 టికెట్లు. నాటకానికి ఒంటరిగా వచ్చేవాళ్లు తక్కువ. ఇద్దరుగానో, నలుగురైదుగురు కలిసో వస్తారు. అంటే "వెళ్దాం" అని నిర్ణయించుకుని బుక్ చేయాల్సినవాళ్లు ఓ 200 నుంచి 240 మంది. మీకు కావలసింది వాళ్లే. వాళ్లు మీ హాలుకు గంటలోపు చేరుకోగలిగే దూరంలో ఉండాలి, ఆ నాలుగు సాయంత్రాల్లో ఒక్కటైనా ఖాళీ ఉండాలి. వేరే దేశంలో ఉన్న స్నేహితుడు లైకు కొడితే మనసుకు హాయిగానే ఉంటుంది, దానివల్ల సీటు మాత్రం నిండదు. పోయినసారి లైకు కొట్టినవాళ్ల పేర్లు ఓసారి తీరిగ్గా చూడండి. అందులో ఇతర నాటక బృందాలవాళ్లు, దూరపు బంధువులు, పాత సహోద్యోగులు ఎంతమంది ఉన్నారో, మీ ఊళ్లో ఉండి టికెట్ కొనగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కేస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికిపోతుంది.

ఈ ఇబ్బంది చిన్న బృందాలకే కాదు. 'బీ మోర్ చిల్' అనే అమెరికన్ మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) 2015లో న్యూజెర్సీలో కొన్నాళ్లు ఆడి ఆగిపోయింది. ఆ తర్వాత దాని పాటల ఆల్బమ్ ఆన్‌లైన్‌లో కుర్రకారుకు పట్టేసింది. కోట్లసార్లు విన్నారు, పాత్రల బొమ్మలు గీశారు, వీడియోలు చేశారు. ఆ ఊపుతోనే 2018లో ఆఫ్-బ్రాడ్‌వేకి (న్యూయార్క్‌లోని చిన్న నాటకశాలలకు), 2019 మార్చిలో బ్రాడ్‌వేకి (అక్కడి పెద్ద నాటకశాలలకు) వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ముగిసిపోయింది. సోషల్ మీడియా లేకపోతే ఆ నాటకం బ్రాడ్‌వే గడప తొక్కేదే కాదు, అందులో సందేహం లేదు. కానీ ఆన్‌లైన్ అభిమానం ఎంత పెద్దదైనా, ఫలానా ఊళ్లో ఫలానా హాలును ప్రతి రాత్రీ నింపడం వేరే పని. మీరు చేయాల్సింది ఆ రెండో పని. పోస్టు పెట్టేముందు ప్రతిసారీ ఇది ఆలోచించండి: దీన్ని చూసిన మనిషి ఇంట్లోవాళ్లతో "శనివారం వెళ్దామా?" అనగలడా? అనాలంటే అతనికి కావలసిన వివరాలన్నీ ఇందులో ఉన్నాయా?

అందుకే పోస్టుల కంటే ముందు బుకింగ్ దారి సరిచూసుకోవాలి. మీ నాటకం గురించి ఏమీ తెలియని ఒకరి చేతికి ఫోనిచ్చి, మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి, "దీనికి రెండు టికెట్లు బుక్ చెయ్యి" అని చెప్పండి. మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చుని చూడండి. ఎక్కడ ఆగుతున్నారు? లింకు దొరక్క పైకీ కిందికీ వెతుకుతున్నారా? తేదీ ఎంచుకునేచోట తికమకపడుతున్నారా? కొత్తగా అకౌంట్ తెరవమనగానే ఫోను వెనక్కి ఇచ్చేస్తున్నారా? ఎక్కడ ఆగితే అక్కడ మీకు ప్రేక్షకులు జారిపోతున్నారన్నమాట. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాతలో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. లింకు మీ బయోలో ఉండాలి, లేదా స్టోరీలో లింక్ స్టిక్కర్‌గా పెట్టాలి. చాలా బృందాల బయోలో ఇంకా పాత నాటకం లింకే ఉంటుంది, ఇవాళే చూసుకోండి. ఇంకోమాట, బుకింగ్ తెరవకుండా నాటకాన్ని ప్రకటించకండి. "త్వరలో" అని పోస్టర్ వదిలి పది రోజుల తర్వాత లింకు ఇస్తే, మొదటి రోజు పుట్టిన ఉత్సాహం చల్లారిపోయి ఉంటుంది. ప్రకటన, టికెట్లు ఒకే రోజు.

పోస్టర్ అందంగా ఉండాల్సిందే, కానీ సమాచారమంతా బొమ్మలోనే ఇరికించొద్దు. బొమ్మలోని అక్షరాలను కాపీ చేసి భార్యకో స్నేహితుడికో పంపడం తేలిక కాదు, వెతికితే సరిగా దొరకవు, చూపు లేనివాళ్ల ఫోను వాటిని సరిగా చదివి వినిపించలేదు. కాబట్టి పోస్టర్ కింద టైపు చేసి పెట్టండి: రోజు, తేదీ, సమయం, హాలు పేరు, మ్యాప్ లింకు, నాటకం నిడివి, విరామం ఉందా లేదా, ఏ వయసు పిల్లల్ని తీసుకురావచ్చు, మెట్లు ఎక్కలేనివాళ్లకు లిఫ్టుగానీ ర్యాంపుగానీ ఉందా, బండి ఎక్కడ పెట్టుకోవాలి. తేదీతోపాటు వారం పేరు తప్పనిసరి. "14" అంటే క్యాలెండర్ చూడాలి, "14 శనివారం" అంటే అక్కర్లేదు. ఎక్కువమంది రాయనిదీ, నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇంకొకటుంది: ఎన్ని గంటలకు అయిపోతుందో రాయడం. చిన్నపిల్లలున్నవాళ్లు, దూరంనుంచి వచ్చేవాళ్లు, మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉన్నవాళ్లు ముందు చూసేది అదే.

ఇక మీ ప్రశ్నలోకి వద్దాం. ఏ యాప్? నా సమాధానం: పేజీ కంటే ముందు మనుషులు. పేజీలో పెట్టిన పోస్టు మీ ఫాలోయర్లందరికీ చేరదు, వాళ్లలో కొందరికే కనిపిస్తుంది. కానీ మీ నటి తన పిన్నికి రాసిన మెసేజ్ పిన్నికి చేరుతుంది. నటులు, సాంకేతిక బృందం కలిపి మీరు 15 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు తమకు బాగా తెలిసిన, రాగల దూరంలో ఉన్న పదిమంది పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి. అంటే 150 ఆహ్వానాలు. ఏ పేజీ పోస్టూ ఇంత గట్టి ఆహ్వానం కాదు.

ఎలా రాయాలో చూపిస్తాను. సాధారణంగా వెళ్లేది ఇది: పోస్టర్ బొమ్మ, కింద "అందరూ తప్పక విచ్చేసి మా ప్రదర్శనను జయప్రదం చేయగలరు". దీనికి ఎవరూ జవాబివ్వరు, ఎందుకంటే ఎవరినీ ఉద్దేశించి రాయలేదు. ఇదే ఇలా రాస్తే:

"అక్కా, పోయిన నాటకం చూసి ఆ తల్లి పాత్ర గురించి నాతో చాలాసేపు మాట్లాడావు గుర్తుందా? ఈసారి నాదీ అలాంటి పాత్రే, ఇంకా కష్టమైనది. 14 శనివారం, 15 ఆదివారం సాయంత్రం 7కి షోలు. గంటా నలభై నిమిషాలు, తొమ్మిదిలోపు బయటపడిపోతాం. నువ్వూ బావగారూ వస్తే నాకు ఎంతో సంతోషం. మీకు శనివారం కుదురుతుందా, ఆదివారమా?"

చివరి వాక్యం గమనించండి. "వస్తావా?" అని అడిగితే "చూస్తాలే" అంటారు. రెండు రోజుల్లో ఏది అని అడిగితే క్యాలెండర్ చూసుకుంటారు. జవాబు వచ్చాక లింకు పంపండి. మొదటి మెసేజ్‌లోనే లింకు పెడితే అది ప్రకటనలా కనిపిస్తుంది.

వాట్సాప్ గురించి మరికొన్ని విషయాలు. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ మీద ఫార్వర్డెడ్ అని గుర్తు పడుతుంది, అది చూడగానే ఇది తన కోసం రాసింది కాదని తెలిసిపోతుంది. కాపీ చేసి పంపినా సరే, పేరు, ఒక వాక్యం మార్చి పంపండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. 'లిస్టుకి పంపించాం, ఎవరూ పలకలేదు' అనుకునేముందు ఇది గుర్తుపెట్టుకోండి. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి షో ముందు వారంలో రోజు విడిచి రోజు పెట్టినా ఇబ్బంది లేదు. అపార్ట్‌మెంట్ గ్రూపులు, పూర్వ విద్యార్థుల గ్రూపుల్లో మాత్రం అడ్మిన్‌ను అడిగి, ఒక్కసారి, బాగా రాసి పెట్టండి. రోజూ పెడితే గ్రూపును మ్యూట్ చేస్తారు, మీ బృందం పేరు చూస్తేనే విసుక్కుంటారు.

నటులందరి చేతా ఒకే పోస్టర్, ఒకే రాత, ఒకే రోజు పెట్టించకండి. మీ అందరికీ ఉమ్మడి స్నేహితులుంటారు. వాళ్లకు ఒకే బొమ్మ పదిసార్లు కనిపిస్తే నాలుగోసారికే వేలు ఆగడం మానేస్తుంది. ఒక్కొక్కరికి ఒక రోజు కేటాయించండి, తమ మాటల్లో తమ పాత్ర గురించి రాయమనండి. ముసలివాడి వేషం వేస్తున్న పాతికేళ్ల కుర్రాడు ఆ నడక ఎలా నేర్చుకున్నాడో రాస్తే అతని స్నేహితులు చదువుతారు. పేజీ పోస్టును ఇన్‌స్టాగ్రామ్‌లో కొలాబ్‌గా (ఇద్దరి పేరుతో ఉమ్మడి పోస్టుగా) పెడితే అది నటుడి ప్రొఫైల్‌లో కూడా కనిపిస్తుంది, లైకులూ కామెంట్లూ ఒకేచోట పోగవుతాయి. ఫేస్‌బుక్‌లో ఈవెంట్ తెరిచి హాలువాళ్లనూ, మీతో కలిసి పనిచేసే సంస్థలనూ సహ-నిర్వాహకులుగా చేర్చండి, వాళ్ల పేజీలో కూడా అది కనిపిస్తుంది. ఈవెంట్‌లో 'ఇంట్రెస్టెడ్' నొక్కినవాళ్ల సంఖ్యను మాత్రం ప్రేక్షకుల లెక్కలో వేయకండి. వాళ్లకు గుర్తుచేయడానికి అది ఒక దారి, అంతే.

వీడియోల దగ్గర కాస్త ఆగుతాను, ఎక్కువ బృందాలు శ్రమ వృథా చేసుకునేది ఇక్కడే. చివరి వరుసలో ఫోను నిలబెట్టి మొత్తం సీను తీసి అలాగే ఎక్కించేస్తారు. తెర మీద మనుషులు వేలెడంత ఉంటారు, మాటలు గుహలోంచి వచ్చినట్టుంటాయి. ఎదురుగా కూర్చుంటే ఒళ్లు గగుర్పొడిచే సీను కూడా ఫోనులో పేలవంగా కనిపిస్తుంది. ఆ వీడియో చూసినవాడు 'ఇదా నాటకం' అనుకుని టికెట్ కొనడం మానేస్తాడు. అంత చెడ్డ వీడియో పెట్టేకంటే ఒక మంచి ఫొటో పెట్టడం మేలు.

నేను చేయించే పద్ధతి ఇది. నాటకం మొత్తంలో ఒకే ఒక్క క్షణాన్ని ఎంచుకుంటాం. ఎవరో ఏదో తేల్చుకోవాల్సిన క్షణం. ఉదాహరణకు అన్న చేతికి ఉత్తరం వస్తుంది. "చదవకు" అంటుంది చెల్లెలు. అతను ఆమె ముఖంలోకి చూసి, కవరు అంచు చించుతాడు. అక్కడ ఆపేయాలి. ఉత్తరంలో ఏముందో వీడియోలో చెప్పకూడదు. ఆ తర్వాత రెండు సెకన్లు నల్ల తెర మీద నాటకం పేరు, రోజు, హాలు. మొత్తం 20 సెకన్లు దాటదు. బృందం లోగో, "సమర్పించు", దర్శకుడి పేరు అన్నీ మొదట్లో వేస్తే ఉత్తరం వచ్చేసరికి చూసేవాడు వెళ్లిపోతాడు. మొదటి సెకనులోనే ముఖమో మాటో ఉండాలి.

దీన్ని ప్రదర్శన జరుగుతుండగా కాకుండా, రిహార్సల్‌లో విడిగా తీయండి. ఎందుకంటే చివరి వరుస దాకా వినిపించాలని పలికే డైలాగు ఫోను దగ్గరికొచ్చేసరికి అరుపులా ఉంటుంది. చేతుల కదలికలు అతిగా అనిపిస్తాయి. ఈ ఒక్క క్లిప్పు కోసం నటుల్ని గొంతు తగ్గించి, ఎదుటి మనిషికి మాత్రమే వినిపించేలా పలకమని అడగండి. కెమెరా మూడు నాలుగు అడుగుల దూరంలో, ముఖాల ఎత్తులో. ఫోను నిలువుగా పట్టుకోవాలి. రీల్స్‌కి, స్టోరీలకి 9:16 కొలత సరిపోతుంది. స్టేజీ లైట్ల కింద ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతాయి, చుట్టూ ఉన్న చీకటిని చూసి ఫోను తనంతట తాను వెలుతురు పెంచేస్తుంది కాబట్టి. నటుడి ముఖం మీద వేలు కాసేపు నొక్కిపెట్టి ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేసి, తర్వాత వెలుతురు కొంచెం తగ్గించండి. చాలా ఫోన్లలో ఈ సదుపాయం ఉంది. మాటల కోసం రెండో ఫోనును నటుల దగ్గర, ఫ్రేములో పడకుండా పెట్టి రికార్డు చేయండి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే, ఎడిటింగ్‌లో బొమ్మనూ మాటనూ కలపడానికి ఆ చప్పుడు ఆధారమవుతుంది. చాలామంది ఫోను శబ్దం ఆపేసి చూస్తారు, కాబట్టి మాటలు తెర మీద రాయండి, కానీ అట్టడుగున కాదు. అక్కడ యాప్ తన బటన్లు, రాతలు పెడుతుంది. దానంతటదే వచ్చే సబ్‌టైటిల్స్‌ను ఒక్కో పదం సరిచూశాకే వదలండి.

ఇలాంటి క్లిప్పులు ఆరు వారాలకు రెండు మూడు చాలు. మిగతా రోజుల్లో నాటకం తయారవుతున్న పని చూపించండి: అట్టముక్కలతో చేసిన సెట్ నమూనా, అదే స్టేజీ మీద నిజంగా లేస్తున్న ఫొటో పక్కపక్కన. ఒకే ముఖం మీద పగటి లైటు, సాయంత్రపు లైటు, దీపం వెలుగు మార్చి చూపే పది సెకన్లు. పాత కోటుకు మాసికలు వేస్తున్న చేతులు. గ్రీన్ రూములో అందరూ నవ్వుతూ దిగిన సెల్ఫీ మీ బృందానికి ఆత్మీయమైనదే కానీ, మిమ్మల్ని ఎరగనివాడికి అది ఎవరో పదిమంది నవ్వుతున్న ఫొటో.

పెద్దవాళ్లు చేసినవాటిలో నాకు బాగా నచ్చినది బ్రాడ్‌వే మ్యూజికల్ 'నెక్స్ట్ టు నార్మల్' 2009లో ట్విట్టర్‌లో చేసిన ప్రయోగం. 35 రోజులపాటు నాటకంలోని పాత్రలు తామే రాస్తున్నట్టుగా చిన్న చిన్న ట్వీట్లు పెట్టారు. టికెట్ కొనండి అని అరవకుండా కథలోకి లాగారు. మీరూ చేయవచ్చు, కానీ రచయితే కూర్చుని రాయాలి. పాత్ర గొంతు తెలియనివాళ్లు రాస్తే తేలిపోతుంది. అంత తీరిక లేకపోతే ఈ జోలికి వెళ్లకండి.

ఇక రోజుకు ఎన్ని పోస్టులు అన్నది. ఆరు వారాలూ ఒకే తీరుగా పెట్టకూడదు. మొదటి వారం ప్రకటన, టికెట్లు. ఆ తర్వాతి మూడు వారాలు వారానికి రెండు, మహా అయితే మూడు పోస్టులు, అన్నీ మనుషుల గురించీ పని గురించీ. చివరి రెండు వారాల్లో జోరు పెంచండి, ఎందుకంటే చిన్న నాటకాలకు జనం ఆఖర్లోనే నిర్ణయం తీసుకుంటారు. బుకింగ్‌లు మందకొడిగా ఉన్నాయని మూడో వారంలో కంగారుపడి ఉన్న సరుకంతా అప్పుడే ఖర్చు పెట్టేయకండి. అలాగని చివరి వారంలో తీద్దాంలే అనీ అనుకోకండి. ఆ వారం లైట్లు, సెట్, డ్రస్ రిహార్సల్స్‌తో ఎవరికీ ఊపిరాడదు. మొదటి ప్రదర్శనకు పది రోజుల ముందే క్లిప్పులు, ఫొటోలు, రాతలు అన్నీ ఒక ఫోల్డర్‌లో సిద్ధంగా ఉండాలి. ఈ పని చూసే మనిషి స్టేజీ ఎక్కనివాడైతే మంచిది. పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరి దగ్గర ఉండాలి.

నాలుగు ప్రదర్శనలకూ ఒకే ప్రచారం చేయకండి. బుకింగ్ లెక్క రోజూ చూస్తే ఏది వెనకబడిందో తెలుస్తుంది. రెండో శనివారం నిండుతోంది, మొదటి ఆదివారం ఖాళీగా ఉంది అనుకోండి, ఆ రోజు నుంచీ పోస్టులన్నిట్లో మొదటి ఆదివారం పేరే రావాలి. నాలుగు తేదీలూ వరసగా రాస్తే ఏ తేదీ మనసులో నిలవదు.

అన్నిటికంటే ముఖ్యం మొదటి ప్రదర్శన. దాన్ని ఎలాగైనా నింపండి. టికెట్లు అమ్ముడుపోకపోతే పాసులిచ్చి అయినా సరే, పదిమందితో మాట్లాడే అలవాటున్నవాళ్లను పిలవండి: ఉపాధ్యాయులు, పుస్తకాల క్లబ్బులు నడిపేవాళ్లు, నృత్యం సంగీతం నేర్పేవాళ్లు. ఆ 120 మంది బయటికెళ్లి చెప్పే మాట మిగతా మూడు ప్రదర్శనలకు మీరు చేసుకోగల ప్రచారంలో సింహభాగం. మీ నాటకం బాగుందని మీరు చెప్పడం వేరు, చూసినవాళ్లు చెప్పడం వేరు.

వాళ్లు చెప్పడానికి వీలు కల్పించాలి. నాటకం నడుస్తుండగా ఫోన్లు తీయొద్దంటాం, అది న్యాయమే. కానీ అయిపోయాక కూడా ఎవరూ తీయరు, ఎందుకంటే తీయవచ్చని ఎవరూ చెప్పరు. లండన్, బ్రాడ్‌వేలలో ఆడిన 'సిక్స్' మ్యూజికల్ చివర్లో 'మెగాసిక్స్' అని ఒక భాగం పెట్టి, అప్పుడు మాత్రం ఫోన్లు తీసి వీడియో తీసుకోమంటారు. 2017లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో విద్యార్థుల ప్రదర్శనగా మొదలైన ఆ నాటకానికి ప్రేక్షకుల ఫోన్లలోని ఆ వీడియోలు ఎంత ప్రచారం చేశాయో వేరే చెప్పక్కర్లేదు. మీరు పాటలు పెట్టనవసరం లేదు. చివరి నమస్కారాలు అయ్యాక ఒక నటుడు ముందుకొచ్చి, "ఇప్పుడు ఫోన్లు తీయండి, ఒక నిమిషం ఇలాగే నిలబడతాం. నాటకం నచ్చితే ఈ ఫొటోతో ఒక్క మాట రాయండి, మా పేజీని ట్యాగ్ చేయండి. వచ్చే వారం ఇంకా రెండు షోలున్నాయి" అని చెబితే చాలు. హాల్లో లైట్లు వెలిగించి ఉంచండి, లేకపోతే ఫొటోలు రావు. ఎవరైనా స్టోరీలో మిమ్మల్ని మెన్షన్ చేస్తే దాన్ని మీ స్టోరీకి చేర్చుకోవచ్చు. ఆ రాత్రే చేర్చండి, పడుకునేముందు.

బయటికొస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని అనుమతి అడిగి పదిహేను సెకన్లు మాట్లాడించండి. "ఎలా ఉంది?" అని అడిగితే "చాలా బాగుంది" అంటారు, అది ఎవరికీ పనికిరాదు. "ఏ చోట గుండె ఆగినట్టయింది?" అని అడగండి, "ఎవరిని తీసుకొచ్చి చూపించాలనిపించింది?" అని అడగండి. "మా నాన్నను తీసుకొస్తాను" అని ఒకరు అంటే, అది విన్న ఇంకొకరికి తన నాన్న గుర్తొస్తాడు.

డబ్బు కొంచెమే ఉంటే దాన్ని చివరి పది రోజులకు దాచండి. పోస్టు కింద కనిపించే బూస్ట్ బటన్ నొక్కేసి ఊరుకుంటే చాలాసార్లు ఆ డబ్బు మళ్లీ లైకుల మీదే పోతుంది. మెటా యాడ్స్ మేనేజర్‌లోకి (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు పెట్టే చోటికి) వెళ్లి, ఉద్దేశం దగ్గర లింకు క్లిక్కులనో, వీలైతే వెబ్‌సైట్ సందర్శనలనో ఎంచుకోండి. ప్రాంతం దగ్గర హాలు చుట్టూ జనం నిజంగా ప్రయాణించి రాగల దూరం మాత్రమే పెట్టండి. మీ ఉత్తరం క్లిప్పును చాలాసేపు చూసినవాళ్లను ఒక కస్టమ్ ఆడియన్స్‌గా తయారుచేసుకుని, టికెట్ లింకున్న ప్రకటనను వాళ్లకే చూపించండి. ఏమీ తెలియని వెయ్యిమందికి చూపించడం కంటే ఒకసారి ఆగి చూసిన వందమందికి మళ్లీ చూపించడం మేలు.

ధర గురించి ఒక మాట. చివరి నిమిషంలో బహిరంగంగా సగం ధర ప్రకటించకండి. ముందుగా కొన్నవాళ్లు నొచ్చుకుంటారు, వచ్చేసారి వాళ్లూ ఆగి చూస్తారు. తగ్గింపు ఇవ్వాలంటే ముందు కొన్నవాళ్లకు ఇవ్వండి. అలాగే హాలు ఖాళీగా ఉంటే "కొద్ది సీట్లే మిగిలాయి" అని రాయకండి. వచ్చి చూసినవాళ్లకు నిజం తెలుస్తుంది, మీ మాట మీద నమ్మకం పోతుంది. "టికెట్లు ఉన్నాయి, హాలు దగ్గర కూడా తీసుకోవచ్చు" అని రాయడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆ సాయంత్రం ఏం చేద్దామా అని ఆలోచిస్తున్నవాడికి కావలసిన మాట అదే.

వీడియో ఏదైనా పెట్టేముందు హక్కులు చూసుకోండి. నాటకం వేరే రచయితదైతే, ప్రదర్శనకు ఇచ్చిన అనుమతి వీడియోకు వర్తించకపోవచ్చు. ఒప్పందంలో రికార్డింగ్ గురించి ఏముందో, రచయిత పేరు ప్రకటనల్లో ఎలా వేయాలన్నారో చదవండి, అర్థం కాకపోతే అడగండి. సినిమా పాటను నేపథ్యంలో పెడితే యాప్ శబ్దం తీసేయవచ్చు, బిజినెస్ అకౌంట్లకు పాటల మీద పరిమితులు ఎక్కువ. మీ సంగీతకారుడితో పదిహేను సెకన్ల బిట్ చేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు, నాటకానికి తనదైన శబ్దం కూడా దొరుకుతుంది. నటుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, పిల్లలుంటే తల్లిదండ్రులది. ఫొటో తీసినవారి పేరు ప్రతిసారీ వేయండి.

ఏది పనిచేసిందో తెలుసుకోవడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. వాట్సాప్‌కి ఒక లింకు, ఇన్‌స్టాగ్రామ్‌కి ఒకటి, ప్రకటనకు ఒకటి విడిగా తయారుచేయండి. బుకింగ్ ఫారంలో "మా గురించి ఎలా తెలిసింది?" అని ఒక గడి పెట్టండి. తలుపు దగ్గర టికెట్లు చూసేవాళ్లు కూడా అదే అడిగి గీతలు పెట్టుకోవాలి. వాటి పక్కన లైకుల సంఖ్య రాయనే వద్దు. "ఫలానావాళ్లు చెప్పారు" అన్న గడిలో ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ మనిషికి తర్వాతి నాటకం సంగతి అందరికంటే ముందు చెప్పండి, మొదటి ప్రదర్శనకు పిలవండి.

వచ్చినవాళ్ల ఫోను నంబర్లు, ఈమెయిళ్లు వాళ్ల ఇష్టంతోనే తీసుకోండి. ఆఖరి ప్రదర్శన అయిన వారంలోపు వాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ మూడు నాలుగు మంచి ఫొటోలు పంపండి, ఆ మెసేజ్‌లో ఏదీ అమ్మకండి. యాప్‌ల తీరు మారవచ్చు, మీ పేజీ పోస్టు ఎవరికి చూపాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఈ పేర్ల జాబితా మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు మీరు పేరుపేరునా రాయబోయే 150 మందికి వచ్చేసారి ఈ పేర్లు కూడా తోడవుతాయి.

స్క్రిప్టు ఏమిటో, హాలు ఎలాంటి చోట ఉందో, బృందంలో ఎంతమంది ఉన్నారో రాస్తే ఆ 20 సెకన్ల క్లిప్పుకు ఏ సీను బాగుంటుందో కలిసి ఆలోచిద్దాం.